మందుల డబ్బా పక్కనుంచి పోపుల డబ్బా పక్కకి

మన ఇళ్లలోకి ఓట్స్ ప్యాకెట్ వచ్చేది సాధారణంగా ల్యాబ్ రిపోర్టు వెనకాలే. కొలెస్ట్రాల్ అంకె ఉండాల్సిన చోట ఉండదు. డాక్టరుగారు కళ్లద్దాల పైనుంచి చూసి "పొద్దున పూట ఓట్స్ తినండి" అంటారు. ఆ సాయంత్రమే కిలో ప్యాకెట్ కొనేస్తాం. మర్నాడు పాలలో ఉడికించి, రెండు చెంచాల చక్కెర వేసి, గబగబా మింగేస్తాం. రెండో రోజూ అదే. మూడో రోజు ఇంట్లో దోసెల పిండి పులిసి ఉంది కాబట్టి ఒక్క పూటకి సెలవు. ఆ తర్వాత ప్యాకెట్ మూతికి బట్టల క్లిప్పు పడుతుంది, అది పై అరలోకి చేరుతుంది. మళ్లీ దాని మొహం చూసేది సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడే.

దీన్ని చాలామంది తమ బద్ధకం కింద లెక్క రాసుకుంటారు. "నాకు క్రమశిక్షణ లేదండీ" అని నవ్వేస్తారు. నేను ఒప్పుకోను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉప్పూ కారం, అల్లం పచ్చడి, కరివేపాకు వాసనతో పొద్దున్నే లేచిన నాలుక మనది. దానికి హఠాత్తుగా తియ్యటి, జిగురు జావ ఇచ్చి రోజూ తినమంటే రెండు రోజులు మొహమాటానికి తింటుంది, మూడో రోజు ఎదురు తిరుగుతుంది. మందుని అలాగే మింగుతాం, జ్వరం తగ్గగానే మానేస్తాం. రోజూ నిలవాల్సినదాన్ని మాత్రం మన టిఫిన్‌లాగే వండాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది అంతే, మిగతాదంతా నీళ్ల కొలతలూ పోపు సంగతులూ.

చక్కెర వేయాలని ఎవరు చెప్పారు?

ఓట్స్‌ని తరతరాలుగా అన్నంలా తిన్నవాళ్లు స్కాట్లాండ్ జనం. చలి, తడి నేల, గోధుమ సరిగా పండని కొండ ప్రాంతాలు. అక్కడ నిలిచిన గింజ ఇది. వాళ్ల పాత పద్ధతి ఏమిటంటే నీళ్లు, ఓట్స్ రవ్వ, ఉప్పు. అంతే. చక్కెర ఊసే లేదు. ఆ దేశంలో కార్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో 1994 నుంచి జావ వండే ప్రపంచ పోటీ జరుగుతోంది. సంప్రదాయ విభాగంలో పోటీ పడేవాళ్లు ఈ మూడే వాడాలి, నాలుగోది గిన్నెలో పడకూడదు. గెలిచినవాళ్లకిచ్చే బహుమతి పేరు 'గోల్డెన్ స్పర్టిల్'. స్పర్టిల్ అంటే జావ కలిపే గుండ్రటి కర్ర, మన పప్పుగుత్తికి దూరపు చుట్టం.

కాబట్టి పాలు, తేనె, అరటిపండు ముక్కలు ఉన్న అట్ట మీది బొమ్మ చూసి "ఇది ఇలాగే తినాలి కాబోలు" అనుకోనక్కర్లేదు. ఓట్స్ పుట్టింట్లోనే ఉప్పు వేసుకుంటారు. మనం ఉప్పు వేసి, దానికి తోడు ఆవాలు చిటపటలాడిస్తే ఎవరూ తప్పు పట్టరు.

మన దేశంలో ఈ పంట లేకపోలేదు. ఉత్తరాదిలో 'జై' అని పిలుస్తారు, ఎక్కువగా పశువుల మేత కోసం వేస్తారు. తెలుగు నేల మీద వంటింటి గింజగా దీనికి పాత చరిత్ర లేదు. అందుకే అమ్మమ్మ చెప్పిన కొలత అంటూ దీనికి లేదు, మనమే కుదుర్చుకోవాలి.

ఏ ప్యాకెట్ కొనాలి

ఒకే గింజని ఎంత మెత్తగా చేశారన్నదే రకాల మధ్య తేడా. పొట్టు తీసిన గింజని రెండు మూడు ముక్కలుగా కోస్తే స్టీల్ కట్ ఓట్స్. బియ్యపు నూకలా ఉంటుంది, ఉడకడానికి అరగంట పడుతుంది. గింజని ఆవిరి పట్టి రోలర్ల కింద నొక్కితే రోల్డ్ ఓట్స్, మన అటుకుల్లా. అయిదు నుంచి ఏడు నిమిషాల్లో ఉడుకుతుంది. అదే ఇంకాస్త పల్చగా నొక్కి చిన్న ముక్కలు చేస్తే క్విక్ ఓట్స్, మూడు నిమిషాల సరుకు. ముందే ఉడికించి ఆరబెట్టి నొక్కేస్తే ఇన్‌స్టంట్, వేణ్ణీళ్లు పోస్తే చాలు. కిరాణా కొట్లో "ఓట్స్ ఇవ్వండి" అంటే ఎక్కువగా చేతికొచ్చేది మూడు నిమిషాల రకమే.

మెత్తగా చేసినకొద్దీ త్వరగా అరుగుతుంది, రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు స్టీల్ కట్ గానీ రోల్డ్ గానీ ఎంచుకోవడం మంచిది. మిగతావాళ్లకి నా సలహా రోల్డ్ ఓట్స్. ఉప్మాకి పొడిపొడిగా వస్తుంది, రాత్రి నానబెడితే ముద్దవదు, పొడి చేస్తే అట్లకి పనికొస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి పెద్ద పెద్ద డబ్బాల్లో 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అని రాసి దొరికేది ఇదే.

మొదట అరకిలోకి మించి కొనకండి. మిగతా ధాన్యాలతో పోలిస్తే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ. మిల్లులో ఆవిరి పట్టేది కూడా అందుకే, లేకపోతే ఆ కొవ్వు త్వరగా పాడై చేదు తిరుగుతుంది. మన కోస్తా ఉక్కలో తెరిచిన ప్యాకెట్ నెలల తరబడి ఉంచితే పాత నూనె వాసన వస్తుంది, పురుగూ పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో పోసి, వీలుంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆ జిగురు సంగతి

ఓట్స్ వద్దనేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే కారణం ఇదే. "ఏంటమ్మా ఇది, గంజి పెట్టిన బట్టలా జిగురు జిగురుగా..." అని మామగారు గిన్నె పక్కకి జరిపితే ఆ కోడలు మళ్లీ ఓట్స్ జోలికి పోదు. కాబట్టి జిగురు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే సగం వంట వచ్చినట్టే.

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. నీళ్లలో కరిగే రకం. వేడి నీళ్లు తగిలితే గింజలోంచి బయటికొచ్చి నీటిని చిక్కబరుస్తుంది. ఎక్కువ నీళ్లు పోసి, ఎక్కువసేపు ఉడికించి, గరిటెతో అదే పనిగా తిప్పితే పిండి పదార్థం కూడా దానికి తోడై బంక తయారవుతుంది. అంటే జిగురు కావాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంది. నీళ్లు, సెగ, గరిటె, ఈ మూడింటితో దాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. గిన్నెలో మనం విసుక్కునే ఈ జిగురే పొట్టలోకి వెళ్లాక మనకి పనికొచ్చేది. పేగుల్లో అది పైత్యరసపు ఆమ్లాలని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయిన పైత్యరసాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. ఓట్స్ తింటే కొలెస్ట్రాల్ కొంత తగ్గడం వెనక ఉన్న పని ఇదే. గింజని దోరగా వేయించి పొడిపొడిగా వండినంత మాత్రాన ఆ పీచు ఎక్కడికీ పోదు. గిన్నెలోకి కారిపోకుండా గింజలోనే ఉంటుంది, అంతే తేడా. రుచి కోసం ఉప్మా చేసుకుంటే గుణం పోతుందేమోనన్న బెంగ వద్దు.

జావే కావాలనుకునేవాళ్లకి కొలత ఇది. మనిషికి అరకప్పు ఓట్స్, సుమారు 40 గ్రాములు. కప్పు నీళ్లు మరగనిచ్చి, చిటికెడు ఉప్పు వేసి, ఓట్స్ పోసి సన్న సెగ మీద అయిదు నిమిషాలు. మధ్యలో ఒకటి రెండు సార్లు కదిపితే చాలు. పొయ్యి ఆపి మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. పాలు పోయదలిస్తే ఆఖర్న పోయండి. మొదటే పాలలో ఉడికిస్తే అడుగంటుతుంది, కన్ను మూసి తెరిచేలోగా పొంగుతుంది. పాలు వద్దంటే చల్లారాక పల్చటి మజ్జిగ పోసి, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగండి. రాగి జావ అలవాటున్న పెద్దవాళ్లకి ఇది వెంటనే నచ్చుతుంది. మైక్రోవేవ్‌లో చేసేవాళ్లు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి, గిన్నె సగానికి మించి నిండకూడదు. లేకపోతే పొద్దున పొద్దున్నే ఆ గాజు పళ్లెం కడిగే పని తగులుకుంటుంది.

ఉప్మా: ముందు ఇదొక్కటి నేర్చుకోండి

వంటల పుస్తకాలు ఏడు రోజులకి ఏడు రకాలు చెబుతాయి. ఆచరణలో అది బెడిసికొడుతుంది. కొత్త వంట అంటే కొత్త సరుకు, కొత్త కొలత, కొత్త సందేహం. పొద్దున ఆరున్నరకి పిల్లల స్కూల్ బస్సు, గ్యాస్ మీద పాలు, నీళ్ల మోటారు, వీటి మధ్య సందేహాలకి తావుండదు. ఒక్క రకాన్ని చెయ్యి తిరిగేదాకా చేయండి. కొలత చూడకుండా చేయగలిగే రోజు వచ్చాక రెండోదానికి వెళ్దురుగాని. ఆ మొదటిది ఉప్మా కావాలని నా ఓటు.

ఇద్దరికి ఒక కప్పు రోల్డ్ ఓట్స్. మూకుడులో నూనె లేకుండా సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. రంగు మారనక్కర్లేదు, కమ్మటి వాసన రావాలి, చేత్తో నలిపితే పెళుసుగా విరగాలి. ఈ మెట్టు దాటేస్తే ఎన్ని చేసినా ముద్దే వస్తుంది. వేయించినవి పళ్లెంలో పోసి పక్కన పెట్టండి.

అదే మూకుడులో రెండు చెంచాల నూనె. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, గుప్పెడు పల్లీలు లేదా నాలుగు జీడిపప్పులు. అవి ఎర్రబడ్డాక ఎండుమిర్చి, అల్లం తరుగు, పచ్చిమిర్చి చీలికలు, రెండు రెబ్బల కరివేపాకు. తర్వాత ఉల్లిపాయ. క్యారెట్, బీన్స్, బఠాణీ ఏది ఉంటే అది వేసి మూత పెట్టి మగ్గనివ్వండి. కూరగాయలు ఇక్కడే పూర్తిగా ఉడికిపోవాలి. ఓట్స్ వేశాక వాటికి టైము దొరకదు. పసుపు, ఉప్పు వేయండి.

ఇప్పుడు నీళ్లు. బొంబాయి రవ్వకి రెండున్నర, మూడింతలు పోసే చెయ్యి మనది. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. కప్పు ఓట్స్‌కి కప్పు నీళ్లు, అంతకంటే చుక్క ఎక్కువ వద్దు. క్విక్ ఓట్స్ అయితే ముప్పావు కప్పే. నీళ్లు తెర్లాక ఓట్స్ చల్లి, ఒకసారి కిందా మీదా కలిపి, మూత పెట్టి, సెగ బాగా తగ్గించి రెండు నిమిషాలు. పొయ్యి ఆపి ఇంకో మూడు నిమిషాలు మూత తీయకండి. ఆ తర్వాత గరిటెతో కాకుండా ఫోర్కుతోనో అట్లకాడ అంచుతోనో విడదీస్తే పొడిపొడిగా లేస్తుంది. పైన నిమ్మరసం, కొత్తిమీర.

నంజుకోవడానికి అల్లం పచ్చడో, పెరుగో. కొందరు మాగాయ అంటారు, నేను అడ్డు చెప్పను. ఉప్పు తగ్గించమన్న రక్తపోటువాళ్లు మాత్రం ఊరగాయ జోలికి పోకుండా నిమ్మకాయ ఇంకో చెక్క పిండుకోండి.

పొద్దున ఇదంతా పావుగంట పని. దాన్ని ఎనిమిది నిమిషాలకి దించే దారి ఉంది. ఆదివారం ఏదో సినిమా చూస్తూ అరకిలో ఓట్స్ మొత్తం ఒకేసారి వేయించి డబ్బాలో పోసుకోండి. రాత్రి పడుకునే ముందు కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టండి. కప్పుతో ఓట్స్ కొలిచి మూకుడు పక్కనే ఉంచండి. పొద్దున "ఏం చేద్దాం?" అన్న ప్రశ్న అసలు పుట్టకూడదు. అది పుట్టిందంటే జవాబు చాలాసార్లు వీధి చివర బండి మీది మైసూర్ బజ్జీయే.

రాత్రి పని, పొద్దున భోగం

పొయ్యి వెలిగించే ఓపిక కూడా లేని రోజులుంటాయి. వాటి కోసం నానబెట్టే పద్ధతి. ఇప్పుడు 'ఓవర్‌నైట్ ఓట్స్' పేరుతో కొత్త ఫ్యాషన్‌లా కనిపిస్తోంది గానీ దీని వయసు నూరేళ్లు దాటింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో బిర్షర్ బెన్నర్ అనే డాక్టరు 1900 ప్రాంతంలో తన దగ్గరికొచ్చే రోగులకి పెట్టిన వంటకం ఇది. ఆయన దృష్టిలో అది ఓట్స్ వంటకం కూడా కాదు, ఆపిల్ వంటకం. ఒక చెంచాడు ఓట్స్ రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున తొక్కతో సహా తురిమిన ఆపిల్, నిమ్మరసం, బాదం లాంటి గింజల పొడి కలిపేవారు. నేటి మ్యూస్లీ డబ్బాల వంశం అక్కడి నుంచే మొదలైంది.

మన కొలత ఇలా పెట్టుకోండి. అరకప్పు రోల్డ్ ఓట్స్, అరకప్పు కాచి చల్లార్చిన పాలు, పావు కప్పు పెరుగు. మూత ఉన్న సీసాలో కలిపి ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు. పొద్దున జామకాయో, బొప్పాయో, దానిమ్మ గింజలో పైన వేసుకుని తినేయడమే. పండు రాత్రే వేయకండి, నీరు కారి పులుస్తుంది. బయట బల్ల మీద నానబెట్టకండి, విజయవాడ మే నెల రాత్రికి అది తెల్లారేసరికి పులిసి నురగ కడుతుంది.

ఇది కూడా తియ్యగానే ఉందే అనేవాళ్లకి దద్దోజనం. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది ఇదే. అరకప్పు ఓట్స్‌ని కప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద పెరుగు కలిపితే విరిగి నీళ్లవుతుంది. కప్పు కమ్మటి పెరుగు, కాసిని పాలు, ఉప్పు వేసి కలపండి. కలిపినప్పుడు మీకు కావాల్సినదానికంటే జారుగా ఉండాలి, ఎందుకంటే ఓట్స్ నీరు పీల్చుకుంటూనే ఉంటుంది, గంటలో గట్టిపడుతుంది. పోపు మామూలుగానే: ఆవాలు, మినప్పప్పు, మిరియాలు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ ఘుమఘుమలాడుతూ. పైన దానిమ్మ గింజలు. జిగురు ఇక్కడ దోషం కాదు, గుణం. పెరుగన్నం ఎలాగూ మెత్తగా కలుపుకునేదే కాబట్టి నాలుకకి తేడా తెలియదు. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పోపు ఒక్కటి పెట్టుకోవచ్చు. చద్దన్నం తిని బడికెళ్లిన తరానికి ఇందులో వింతేమీ కనిపించదు.

అట్టు విరగకుండా

ఓట్స్‌ని మిక్సీలో పొడి చేసి నీళ్లు కలిపి పెనం మీద పోస్తే అట్టు రాదు, ముక్కలొస్తాయి. గోధుమలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ ఇందులో లేదు, మినప్పప్పు పట్టూ లేదు. తోడు కావాలి. కప్పు ఓట్స్ పొడికి పావు కప్పు బియ్యప్పిండి, పావు కప్పు బొంబాయి రవ్వ, అరకప్పు పుల్లటి పెరుగు, ఉప్పు, జీలకర్ర, తరిగిన పచ్చిమిర్చి, సరిపడా నీళ్లు. పావుగంట నాననిచ్చి చూడండి, పిండి గట్టిపడి ఉంటుంది. మళ్లీ నీళ్లు పోసి రవ్వదోసె పిండిలా మజ్జిగ జారుకి తెచ్చుకోండి. పెనం బాగా కాలాక అంచుల నుంచి లోపలికి చల్లినట్టు పోయాలి, గరిటెతో తిప్పకూడదు. అంచులు వాటంతటవే లేచేదాకా అట్లకాడ పెట్టొద్దు. తొందరపడ్డవాళ్లకే విరుగుతుంది.

పెసరట్టు ఇంతకంటే తేలిక. రాత్రి నానబెట్టిన కప్పు పెసల్లో పావు కప్పు ఓట్స్ వేసి అల్లం, పచ్చిమిర్చితో రుబ్బేయండి. పట్టు పెసలది, కరకర ఓట్స్‌ది. ఇంట్లోవాళ్లకి చెప్పకపోతే తెలియదు. ముందే చెప్పకండి కూడా. "ఆరోగ్యానికి మంచిది" అన్న మాట వినగానే పిల్లలకి ఆకలి పోతుంది.

స్టీల్ కట్ కొన్నవాళ్లకి పొంగలి ఉంది. అరకప్పు గింజలు, అరకప్పు పెసరపప్పు రాత్రి నానబెట్టి, నాలుగు కప్పుల నీళ్లు, చెంచాడు నెయ్యి వేసి కుక్కర్‌లో పెట్టండి. ఓట్స్ నురగ కడుతుంది, కాబట్టి కుక్కర్ మూడో వంతుకి మించి నింపొద్దు, ఆవిరి దానంతటదే పోయాకే మూత తీయాలి. మిరియాలు, జీలకర్ర, అల్లం, జీడిపప్పు పోపు పెడితే ఇంకేమీ అక్కర్లేదు. పప్పు ఉంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

ఎంత, ఎప్పుడు, ఎవరు

ఓట్స్‌ని దేవుణ్ని చేయొద్దు. 1997లో అమెరికాలో ఎఫ్‌డీఏ ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె జబ్బుల ముప్పు తగ్గుతుందని రాసుకోవడానికి ఒప్పుకుంది. దానికి పెట్టిన లెక్క రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్. అదీ నెయ్యీ వేపుళ్లూ తగ్గించిన తిండిలో భాగంగా ఉంటేనే. మన 40 గ్రాముల గిన్నెలో ఉండేది సుమారు ఒకటిన్నర గ్రాములు. అంటే ఒక పూటతో సగం దూరమే వెళ్తాం. పొద్దున ఓట్స్ తిన్నాం కదా అని సాయంత్రం పునుగులు తింటే ఆ సగమూ మిగలదు. డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర మానేయడం అసలే వద్దు.

రాగులు, జొన్నలు వదిలేయమని కూడా నేను చెప్పడం లేదు. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది, ఓట్స్‌లో అందులో ఆరో వంతు కూడా ఉండదు. వారంలో మూడు రోజులు ఓట్స్, మిగతా రోజులు రాగి జావ, ఇడ్లీ, పెసరట్టు తిరుగుతుంటే చాలు. ఓట్స్ గొప్పతనమల్లా తొందరగా ఉడకడం, పీచు దండిగా ఉండడం.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఒక జాగ్రత్త పడాలి. మాత్రని పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తినండి. పీచు ఎక్కువున్న తిండి వెంటనే పడితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఇంతవరకు పీచు పెద్దగా తినని పొట్టకి మొదటి వారం పావు కప్పుతో మొదలుపెట్టండి, నీళ్లు బాగా తాగండి. లేకపోతే ఉబ్బరం వస్తుంది, ఆ నింద ఓట్స్ మీద పడుతుంది. గోధుమ అస్సలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గ్లూటెన్ లేదని అచ్చు వేసిన ప్యాకెట్ మాత్రమే కొనాలి, మామూలు వాటిలో మిల్లు దగ్గరే గోధుమ కలిసే వీలుంది. షుగర్ ఉన్నవాళ్లు తేనె, ఖర్జూరం, బెల్లం "సహజమే కదా" అని కుమ్మరించకండి. గ్లూకోమీటరుకి ఆ తేడా తెలియదు.

హాస్టల్ డబ్బా

అమీర్‌పేట హాస్టల్ గదిలో కోచింగ్‌కి చదివే కుర్రవాడికి మూకుడు లేదు, ఎలక్ట్రిక్ కెటిల్ ఉంది. వాడు కొనేది మసాలా ఓట్స్ ప్యాకెట్. అది తప్పని నేను అనను, మెస్‌లో పూరీ కంటే నయమే. ప్యాకెట్ వెనక చదివితే చాలు. ఏది ఎక్కువ వేస్తే అది ముందు రాయాలని నియమం. ఓట్స్ తర్వాత వెంటనే ఏముందో చూడండి. సోడియం అంకె చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన హద్దు రోజుకి 2000 మిల్లీగ్రాములు. ఒక్క చిన్న ప్యాకెట్ అందులో ఎంత వంతు తినేస్తోందో లెక్క వేసుకోండి. కిలో ధర కట్టి చూస్తే సాదా ఓట్స్‌కీ దీనికీ ఎంత దూరమో కూడా తెలుస్తుంది.

అదే సరుకు ఇంట్లో చేసి పంపొచ్చు. నాలుగు కప్పుల క్విక్ ఓట్స్ దోరగా వేయించి పళ్లెంలో ఆరబెట్టండి. మూడు చెంచాల నూనెలో పల్లీలు అరకప్పు, శనగపప్పు, మినప్పప్పు రెండేసి చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఆరు ఎండుమిర్చి, రెండు గుప్పిళ్ల కరివేపాకు గలగలమనేదాకా వేయించాలి. కరివేపాకు కడిగి బాగా తుడిచి ఆరబెట్టి ఉండాలి, తడి ఉంటే డబ్బా మొత్తం బూజు పడుతుంది. చివర్లో పసుపు, ఇంగువ, రెండు చిన్న చెంచాల ఉప్పు, చెంచాడు ఆమ్‌చూర్ పొడి. ఓట్స్‌తో కలిపి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి బిగించండి. ఎనిమిది, తొమ్మిది పూటలకి వస్తుంది. తినేటప్పుడు అరకప్పు పొడి, ముప్పావు కప్పు మరిగే నీళ్లు, పైన ఒక పళ్లెం బోర్లించి అయిదు నిమిషాలు. మొదటిసారి సగం కొలతతోనే చేసి పంపండి. కారం చాలిందా, ఉప్పు ఎక్కువైందా అని ఫోన్‌లో అడిగి, రెండో డబ్బా దాన్ని బట్టి కలపండి. వాన రోజుల్లో రెండు వారాలకి మించి నిల్వ పెట్టొద్దని, తడి చెంచా పెట్టొద్దని మూత మీద రాసి అంటించండి. చెబితే వినరు గానీ, మూత తీసేటప్పుడు కంటపడితే కొంతైనా గుర్తుంటుంది.